విప్పుటకై కట్టిన కట్టు

దాహము తీరినవాడు బావినీటి తీపిని మెచ్చుకొనును, బావి త్రవ్వించిన పుణ్యాత్ముని తలచుకొనును, కాని ఆ నీటిని పైకి తెచ్చిన చేంతాటి మాట ఎత్తడు. గాయము మానినవాని కృతజ్ఞత కూడ ఇట్టిదే. మందు వ్రాసిన వైద్యుడు అతనికి జ్ఞాపకముండును. మందు పేరు కొన్నాళ్ళపాటు నోట నానుచుండును. ఇంటివారి సేవకును ఇలవేల్పు కటాక్షమునకును వాని వాని వంతు మెప్పు దక్కును. ఆ మందును రేయింబవళ్ళు పుండుమీదనే నిలిపియుంచి, ధూళికిని ఈగకును చోటీయక, నిద్రలో రోగి ఒత్తిగిలినను తాను తొలగక కాపలా కాసిన గుడ్డపట్టీనో, జిగురుపట్టీనో, ఈ కాలపు సాగెడి వలతొడుగునో స్మరించిన వానిని మాత్రము నేనింతవరకు చూడలేదు. విప్పి పారవేయుటతో దాని చరిత్ర ముగియును. అట్టి అల్పవస్తువును గూర్చి ఒక వ్యాసమా యని పాఠకులు నవ్వుదురేమో. నవ్వినను నష్టము లేదు, తుదిదాక చదివినచో చాలును.

అల్పవస్తువే కాని దాని పని అల్పమైనది కాదు. దేహము ఒకచోట నిశ్చలముగా నుండునది కాదుగదా. ఊపిరితో రొమ్ము ఉబ్బి తగ్గును, మోకాలు ముడిచినపుడు చర్మము సాగును, చాచినపుడు ముడతపడును, చెమట పుట్టును, గాయమైనచోట వాపు ఉదయమొక తీరునను సాయంకాలమొక తీరునను ఉండును. పిక్కనుండి చీలమండకు వచ్చుసరికి కాలు సన్నగిలుటచే ఎంత ఒద్దికగా చుట్టిన పట్టీయైనను నాలుగడుగులు వేయగనే జారి పాదముమీద కుప్పపడును. వ్రేలికొన, మడమ, నెత్తి, చంక, చెవివెనుక తావు, ఇవన్నియు కట్టు నిలువనొల్లని స్థలములే. గాయములు మాత్రము వానినే వెదకికొని వచ్చును. బిగించి కట్టుదమన్న రక్తము ఆడదు, వదలి కట్టుదమన్న మందు పుండును విడిచి దుప్పటికి అంటును. అన్నిటిని మించిన చిక్కు మరియొకటి కలదు. కట్టిన కట్టును రేపో ఎల్లుండియో విప్పవలెను; విప్పునపుడు అది తాను పట్టుకొన్న చోటును గాయపరచకుండ విడువవలెను. కట్టు గుణమును కట్టినపుడు కాక విప్పినపుడు పరీక్షింపవలెనని నేననుట ఇందువలననే.

ఈ చిక్కును మన పూర్వులు ఎంత నిశితముగా గుర్తించిరో తెలియవలెనన్నచో సుశ్రుతసంహితయందలి సూత్రస్థానము 18వ అధ్యాయమును చూడవలెను. సుశ్రుతుని పొగడువారందరును తెగిన ముక్కును అతికిన విద్యను, కంటి శుక్లమును తొలగించిన విద్యను ఎత్తిచూపి సభలయందు చప్పట్లు కొట్టింతురు గాని, కట్లను గూర్చిన ఈ అధ్యాయము జోలికి పోరు. అందాచార్యుడు 14 విధములైన కట్లను పేర్కొనెను: కోశము, దామము, స్వస్తికము, అనువేల్లితము, ముత్తోలి, మండలము, స్థగిక, యమకము, ఖట్వ, చీనము, విబంధము, వితానము, గోఫణ, పంచాంగి. వ్రేళ్ళ కణుపులకు కోశమట. కీళ్ళకును కనుబొమలకును చెవులకును స్వస్తికమట. కాలుసేతులకు చుట్టుకొనుచు పోవునది అనువేల్లితమట. ప్రక్కప్రక్కనే రెండు పుండ్లున్నచో రెండింటిని కలిపి పట్టునది యమకమట. కణతలకును చెక్కిళ్ళకును ఖట్వ, నెత్తికి వితానము, గడ్డమునకును ముక్కునకును పెదవికిని గోఫణ. ఏ అంగమునకు ఏ కట్టు ఒప్పునో ఆ అంగము ఆకారమును బట్టి తేలవలెను గాని కట్టువాని అలవాటును బట్టి తేలరాదని ఈ పట్టిక చెప్పకయే చెప్పుచున్నది. కట్టునకు పనికివచ్చు సామగ్రి కూడ అచ్చట విస్తారముగనే కలదు: నారబట్ట, నూలుబట్ట, ఉన్నిబట్ట, పట్టు, చీనాంశుకము, తోలు, చెట్టు లోపలి పట్ట, ఆనపకాయ చిప్ప, వెదురుబద్ద, త్రాడు.

అంతకన్న నన్ను ఆకర్షించినది బిగువును గూర్చిన విచారము. గాఢము, సమము, శిథిలము అని బిగువులు మూడు. పిరుదులు, చంకలు, గజ్జలు, తొడలు, తల గాఢబంధమునకు స్థానములు. కాలుసేతులు, ముఖము, మెడ, వీపు, రొమ్ము సమబంధమునకు. కన్నులు, కీళ్ళు శిథిలబంధమునకు. గాఢమన్నంతమాత్రమున నొప్పించునది యని యర్థము కాదు, ఒత్తియు నొప్పింపనిదే గాఢము. శిథిలమన్నను జారిపోవునది కాదు, లోన గాలి మసలునట్లు ఉండునది. వదులుగా కట్టవలసినచోట బిగించినచో వాపును బాధయు పుట్టుననియు, బిగింపవలసినచోట వదలినచో మందు నిలువక వ్యర్థమగుననియు, ముడిని ఎన్నడును పుండుమీద వేయరాదనియు ఆయన హెచ్చరించెను. శరద్గ్రీష్మములందు పిత్తవ్రణమునకు దినమునకు రెండుమారులు, హేమంతవసంతములందు కఫవ్రణమునకు మూడవనాటికొకమారు కట్టు మార్చవలెనని ఋతువును కూడ లెక్కలోనికి తెచ్చెను. కట్టు చక్కగా కుదిరిన రోగి సుఖముగా శయనించును, సుఖముగా నడచును, సుఖముగా నిలుచును అను భావముతో ఆయన వ్రాసిన మాట చదివినపుడు, ఆ మహనీయుడు మందుకన్న ముందుగా మనుష్యుని చూచెనని నాకు తోచినది.

శిష్యుడు రోగి మీద చేయి వేయకముందే గుడ్డతో చేసిన మనుష్యాకృతి బొమ్మ అవయవములకు కట్లు కట్టి అభ్యాసము చేయవలెనని అదే సూత్రస్థానము 9వ అధ్యాయము విధించుచున్నది. కత్తి పట్టుటకు గుమ్మడి, ఆనప, దోసకాయలను కోయించినట్లే కట్టు కట్టుటకు బొమ్మను నియమించెను. కట్టు కట్టుట చూచి నేర్చుకొనదగిన చిల్లరపని యని ఆయన తలపలేదు. ఇచ్చట ఒక మాట అనకుండలేకున్నాను. మన వాఙ్మయమున బంధమును నిందింపని శాస్త్రము కానరాదు. వేదాంతి దానిని తెంచుకొమ్మనును, విరాగి తెంచుకొని పోయెదననును, భక్తుడు తెంచుమని దేవుని వేడుకొనును. బంధమును 14 రకములుగా శ్రద్ధతో నేర్పినవాడు వైద్యుడొక్కడే. ఆయన నేర్పిన బంధములన్నియు విప్పుటకై కట్టినవే గనుక వేదాంతికిని ఆయనతో తగవు ఉండనక్కరలేదు.

గ్రీకులును ఈ పనిని గౌరవించిరి. క్రీస్తుకు పూర్వము 500 ప్రాంతమున చేసిన మట్టిపాత్రయొకటి నేడు బెర్లిన్ నగరపు ప్రదర్శనశాలలో ఉన్నది; అందు మహావీరుడైన అకిలీస్ తన నెచ్చెలికాడు పాట్రోక్లస్ చేతికి కట్టు కట్టుచున్నాడు. కట్టించుకొనువాడు బాధ కోర్వలేక ముఖము ప్రక్కకు త్రిప్పి పండ్లు బిగబట్టియుండగా, కట్టువాడు శత్రుసంహారమున చూపు ఏకాగ్రతనంతను ఆ తెల్లని పట్టీమీద నిలిపియున్నాడు. వీరుని చేతియందు ఆయుధమును గాక గుడ్డను చిత్రించిన ఆ చిత్రకారునికి నేను నమస్కరింతును.

ఇక మా బాల్యమునకు వచ్చెదను. మా తాలూకా ఆసుపత్రిలో కట్లు కట్టు గది వేరుగా నుండెడిది. అందు అయొడిన్ వాసన, గోడవార చెక్కబల్ల, బల్లపై ఎనామెల్ పళ్ళెము, పళ్ళెములో దూది. అధికారమంతయు కాంపౌండరుగారిది. వైద్యునికన్న ఆయనకే ఊరు ఎక్కువ భయపడెడిది, ఆయననే ఎక్కువ నమ్మెడిది. మోకాలు పగులగొట్టుకొని పోయిన మాబోటి పిల్లలను ఆయన బల్లమీద కూర్చుండబెట్టి, “కదలకు నాయనా, కదిలితే ఈ కట్టు నీ కాలిది కాదు, వాకిలిది” అనెడివాడు. ఆయన వ్రేళ్ళ పని ఇప్పటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. పట్టీచుట్టను కుడిచేత పట్టి, కొనను ఎడమ బొటనవ్రేలితో అదిమి, మొదట రెండు చుట్లు ఒకదానిపై నొకటిగా త్రిప్పి కుదురుచేయును; పిక్కమీదికి వచ్చినపుడు ప్రతిచుట్టునకును పట్టీని ఒకసారి తిరగమడచి క్రిందకు దించును, దానిచే కాలు లావెక్కుచున్నను పట్టీ ముడతపడక చర్మమునకు అంటియుండును; చీలమండకు ఎనిమిది అంకెగా పాదము క్రిందనుండి పైకి త్రిప్పును. తుదకు కొనను నిలువుగా జానెడు చించి రెండు తోకలు చేసి, ఒక తోకను వెనుకకు త్రిప్పి తెచ్చి, గాయమునకు దూరముగా ప్రక్కన ముడివేయును. ఆయన సుశ్రుతమును చదివియుండలేదనుట నిశ్చయము. ముడి మాత్రము ఎన్నడును పుండుమీదికి రాలేదు.

ఆ పట్టీలు పారవేయునవి కావు. చీము నెత్తురు మరీ అంటినవానిని కాల్చివేయుదురు. తక్కినవానిని సోడాలో నానవేసి, ఉతికి, కాచి, ఆసుపత్రి వెనుక తీగలమీద ఆరవేయుదురు. గాలికి తెల్లని పొడవాటి పట్టీలు ఆడుచుండగా, ఏ పట్టీ ఏ ఊరివాని ఏ గాయమును మోసివచ్చెనో యని మేము తర్కించుకొనెడివారము. ఆరినవానిని చేపిడి గల చిన్న చెక్క యంత్రమున కెక్కించి త్రిప్పుచు మరల చుట్టలు చేయుదురు. ఒకే పట్టీ ఎందరి కాళ్ళు చుట్టి వచ్చెడిదో చెప్పలేము. అది ఆ కాలపు పొదుపు. ఆ పొదుపునకు నేను విచారింపను, పొగడనును పొగడను.

ఆ గుడ్డను గూర్చి ఒక సంగతి. బాండేజిగుడ్డ నేత మామూలు నేత కాదు. పోగుకును పోగుకును నడుమ ఎడముండవలెను. ఎడములేనిచో గాలి ఆడదు, స్రావము పీల్చుకొనదు. అంత పలుచని గుడ్డ చొక్కాకు పనికిరాదు, చేతిరుమాలునకును పనికిరాదు. తమిళదేశమున రాజపాళయము ప్రక్కనున్న ఛత్రపట్టి ఈ నేతకు పెట్టినది పేరు; ఆ ఊరి మగ్గములు ఆసుపత్రులకొరకే ఆడును. రాజపాళయమన్నంతనే తెలుగువారికి అచ్చట తరతరాలుగా స్థిరపడిన మన రాజుల కుటుంబములు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ ప్రక్కయూరి గుడ్డ మన మోకాళ్ళకు చుట్టుకొన్నదన్న సంగతి మాత్రము ఎవరికిని తెలియదు.

చుట్టుపట్టీకి ప్రత్యర్థిగా వచ్చినది జిగురుపట్టీ. 1901లో జర్మనీయందు యశదభస్మము కలిపిన జిగురుతో ల్యూకోప్లాస్ట్ అను పట్టీ వెలువడినది. అది మన ఆసుపత్రులయందు ఎంతగా వ్యాపించినదనగా, ఏ కంపెనీ పట్టీనైనను ముసలి కాంపౌండర్లు ఆ పేరుతోనే పిలుతురు. 1920లో అమెరికాదేశమున జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీలో దూది కొనుగోలు చేయు ఉద్యోగియైన ఎర్ల్ డిక్సన్, వంటపనిలో మాటిమాటికి వ్రేళ్ళు కోసికొను భార్య జోసెఫీన్ తనకు తానే కట్టు కట్టుకొనునట్లుగా, జిగురుపట్టీమీద నడుమనడుమ గాజుగుడ్డ ముక్కలుంచి, పైన ఒక పలుచని బట్ట కప్పి సిద్ధము చేసియుంచెను. కావలసినపుడు కత్తిరించి బట్ట తీసి అంటించుకొనుటయే. అదియే బాండ్-ఎయిడ్. మరుసటి సంవత్సరము అంగడికెక్కిన ఆ తొలి పట్టీలు చేతితో చేసినవి, 18 అంగుళముల పొడవు గలవి. వానిని కొన్నవారు అంతంతమాత్రమే. 1924లో యంత్రముపై చేయనారంభించిన పిమ్మట అది లోకమంతయు ప్రాకినది. ఒంటిచేతితో కట్టుకొనదగిన కట్టును మొదట కోరినది ఒక వంటింటి ఇల్లాలి వ్రేలు అనుట నాకు చాల ప్రియమైన సంగతి. 1960లో చర్మమునకు అంతగా వికటింపని, కాగితము వంటి మైక్రోపోర్ పట్టీ వచ్చినది. నేటి వార్డులలో వినబడు పేరు అదియే.

జిగురు చేసిన ఉపకారము గొప్పది, కాని జిగురునకు విడుచుట చేతకాదు. ముసలితనమున చర్మము పై పొరకును లోపలి పొరకును గల పట్టు సడలిపోవును; ఆ వయసున జిగురుపట్టీని లాగినచో పట్టీ చర్మమును విడువదు, చర్మమే శరీరమును విడుచును. మా అమ్మగారి విషయమున నేనది కన్నులార చూచితిని. మంచపుకోడు తగిలి ఆమె కాలి ముందెముకమీద చర్మము లేచినది. చూపించుటకు పోయిన ఆసుపత్రిలో నాలుగు వైపుల పట్టీలు అంటించి పంపిరి. కట్టు మార్చునాడు ఒక నర్సు “మామ్మగారూ, ఒక్క క్షణం ఓర్చుకోండి, అయిపోయింది” అని చటుక్కున పైకి లాగినది. గాయము మానుముఖమున ఉన్నది. దాని ప్రక్కన, పట్టీ ఉన్నంతమేర, ఎర్రగా, తడిగా, పట్టీ వెడల్పే వెడల్పుగా మరియొక గాయము లేచినది. మా అమ్మగారు కన్నీరు తుడుచుకొని, “నా పుండు తగ్గిందమ్మా, నీ పట్టీ పెట్టిన పుండే మిగిలింది” అనిరి. ఆ అమ్మాయి నొచ్చుకొన్నది. ఆమెను తప్పుపట్టను, పట్టీ లాగు విద్య ఆమెకు నేర్పినవారు లేకపోయిరి. పట్టీని పైకి లాగరాదు. కొనను వెనుకకు మడచి చర్మము వెంబడి, చర్మమునకు ఒరసికొనునట్లుగా, మెల్లగా తీయుచు, విడివడుచున్న చర్మమును రెండవచేతి వ్రేలితో అదిమి పట్టవలెను. పుండునకు దూరపు అంచున చుక్క కొబ్బరినూనె తడిపినచో ఇంకను సుఖముగా వచ్చును. కడుపుమీద పెద్ద శస్త్రచికిత్స జరిగిన వారికి దినదినము పట్టీ లాగు బాధ లేకుండుటకై, రెండు ప్రక్కల అంటించిన పట్టీలకు తూట్లు పొడిచి నడుమ నాడాతో బిగించు ఉపాయము ఆసుపత్రులకు తెలిసినదే. నాడా విప్పి మందు మార్చి మరల నాడా కట్టుటయే, పట్టీ కదలదు.

తరువాత మా అమ్మగారి కాలికి వలతొడుగు వచ్చినది. ఇంటికి వచ్చి కట్టు మార్చు మరియొక అమ్మాయి దానిని సంచినుండి తీసి, “దీనికి జిగురే లేదు మామ్మగారూ, ఊరికే తొడుక్కోవడమే” అని నవ్వినది. చేతిలోనికి తీసికొని చూచితిని. చూచుటకు బొటనవ్రేలంత లావైన తెల్లని వల గొట్టము. రెండుచేతుల వ్రేళ్ళు లోనికి దూర్చి వెడల్పు చేసినచో పిక్క పట్టునంత సాగినది, విడిచినంతనే మరల ముడుచుకొన్నది. రబ్బరువంటి సాగెడి దారమును నూలుతోనో నైలానుతోనో కప్పి అల్లుదురట. ఎచ్చట కత్తిరించినను అంచు ఊడదు. చుట్టగా చుట్టి మీటర్ల లెక్కన అమ్ముదురు. వ్రేలికి, మణికట్టునకు, మోకాలికి, తలకు, నడుమునకు వేరువేరు కొలతలు. చేతికి తొడుగవలెనన్నచో బొటనవ్రేలికొక తూటు కోయుదురు. తలకైనచో ఒక కొనను ముడివేసి ముఖమునకు ప్రక్కన తెరచుదురు. నడుమునకైనచో కాళ్ళకు రెండు తూట్లు. ఆ అమ్మాయి గాజుగుడ్డను పుండుమీద నుంచి, వలను చీలమండనుండి మెల్లగా పైకి తెచ్చి, గుడ్డమీదికి వదలినది. అంతే. మరునాడు వలను ఒక ప్రక్కకు ఎత్తి, గుడ్డ మార్చి, మరల దించినది. వల కన్నములగుండ లోపలి గుడ్డ కనబడుచుండెను. రక్తము ఊరినచో విప్పకయే తెలియును. చర్మమునకు అది అతుకలేదు గనుక చర్మమునుండి తీసికొనిపోవుటకు దానికేమియు లేకపోయెను. వ్రేళ్ళకు కోశమును, నెత్తికి వితానమును విధించిన ఆచార్యుడు ఈ వలను చూచియున్నచో, 15వ కట్టుగా చేర్చక, తన 14 కట్లలో ఏయే వానిని ఇది మింగివేసెనో లెక్క వ్రాసియుండును.

అన్ని గుణములున్న వస్తువు లోకమున లేదు. ఈ వల మందును నిలుపును గాని ఒత్తిడి చేయలేదు; రక్తము చిమ్ముచున్నచో దీనిని నమ్మరాదు, సిరలు ఉబ్బి పుట్టిన కాలిపుండునకు వలయు బిగువును ఇది ఈయలేదు. చిన్నకొలతను పెద్దకాలికి తొడిగినచో అంచు చుట్టుకొని త్రాడువలె కోయును. సాగి సాగి పట్టు సడలినదానిని పొదుపు పేర మరల తొడుగుట వ్యర్థము. బిగువును గూర్చిన భయము ఏ కట్టునకును తప్పలేదు. ఎముక విరిగినవారు ఇరుగు రాష్ట్రములనుండియు వెదకికొనివచ్చు మన పుత్తూరు కట్టునకైనను, ఆసుపత్రివారి సున్నపుకట్టునకైనను, కట్టిన పిమ్మట వ్రేలికొనలను చూచుట మొదటి నియమము. వ్రేళ్ళు చల్లబడినను, నీలివన్నె తిరిగినను, తిమ్మిరి ఎక్కినను, బాధ గంటగంటకు పెరిగినను తెల్లవారువరకు ఆగరాదు.

తిమ్మిరి అసలే తెలియనివారి మాట ఏమి? నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో నెలకొల్పిన కుష్ఠువైద్యశాలలోను, అట్టి ఇతర వైద్యశాలలలోను కట్లు కట్టినవారికి ఈ సంగతి అనుభవమే: రోగికి నొప్పి లేదు గనుక కట్టు బిగిసినదని అతడు చెప్పడు. 1914లో కొల్లికొండలలో పుట్టి, 1946 నుండి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పనిచేసిన పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వ్రేళ్ళు రోగముచే కుళ్ళి రాలుట లేదనియు, స్పర్శ లేక తెలియక తగిలించుకొన్న దెబ్బలవలననే వారు వానిని కోలుపోవుచున్నారనియు లోకమునకు చాటెను. మధుమేహముచే పాదము మొద్దుబారిన వారికిని ఇదియే గతి. కట్టరాని పుండ్లను చెప్పుచు సుశ్రుతుడు కుష్ఠురోగుల పుండ్లను, మధుమేహుల పిడకలను చేర్చుట చూచి నేను నివ్వెరపోయితిని. ఆయన కారణము వేరు కావచ్చును, నేటి వైద్యులు ఆ పుండ్లను కప్పియే మాన్పుదురు. అయినను బిగువును రోగి చెప్పలేని రెండు రోగములు ఆ ఒక్క పట్టికలోనే చేరి నిలుచుట నా మనస్సును విడువదు. అట్టివారి కట్టును వారి నోటిమాటతో కాక కంటితో చూచి, చేతితో తాకి పరీక్షింపవలెను.

ఒకమారు వాడి పారవేయు పద్ధతిని నిందించువారు కలరు. పాతపట్టీలు ఉతికి చుట్టిన కాలమున పెరిగిన నాకును మొదట మనస్సొప్పలేదు. కాని ఒకరి పుండునందలి సూక్ష్మజీవి మరియొకరి పుండునకు బోవు దారులలో కట్టు ముఖ్యమైనదని తెలిసిన పిమ్మట, ఈ విషయమున పొదుపు పాపమునకు దగ్గర యని ఒప్పుకొనక తప్పలేదు. పని తీరినంతనే తొలగిపోవుట ఈ తొడుగునకు అవమానము కాదు. అందులకే దానిని అల్లిరి. చిక్కంతయు పారవేయుట అను మాటలో ఉన్నది. ఎచ్చట పారవేయుట? ఆసుపత్రులకు 2016 నాటి నియమములున్నవి. రక్తము, చీము అంటిన కట్లు పసుపుపచ్చ సంచిలో పడి దహనమునకు పోవలెను. ఇండ్లకు పసుపుపచ్చ సంచి లేదు. మన ఇంటి పుండుమీది గుడ్డయు, దూదియు, వలయు కూరగాయల తొక్కులలో కలిసి వీధి బండికెక్కును. ఆ బండి ప్రక్కన నిలిచి తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయు స్త్రీ వట్టిచేతులతో దానిని విడదీయును. మా వీధికి వచ్చునామె చూపుడువ్రేలికి ఏదో గీచుకొన్న గాయమున్నది. ఆ గాయమునకు ఏ కట్టును లేదు.

కావున ఈ వ్యాసమును ఇంతదూరము చదివిన గృహస్థులకు నా మనవి యొక్కటే. ఇంట విప్పిన కట్టును విప్పినట్లే బుట్టలో వేయకుడు. పాతపత్రికలో రెండుపొరలుగా చుట్టి, ఒక సంచిలో పెట్టి, మూతి ముడివేసి, పైన ఎర్రసిరాతో గుర్తు పెట్టుడు. తడిచెత్తలోను పొడిచెత్తలోను కలుపక వేరుగా బండి దగ్గరకు తీసికొనిపోయి, అందులో ఏమున్నదో ఆమెకు నోటితో చెప్పుడు. వీలైనచో ఆమె వ్రేలికొక కట్టును కూడ వెంట తీసికొనిపొండు.